పట్టాలు పోయి పడకలు వచ్చాయి

నా పేరు ఆఫ్రికా మెర్సీ. నేనొక ఆస్పత్రి ఓడను. పుట్టినప్పుడు నాకు పెట్టిన పేరు వేరు. 1980లో డెన్మార్కులోని హెల్సింగోర్ ఓడల కర్మాగారంలో నన్ను కట్టి, తమ రాజమాత ఇంగ్రిడ్ పేరు పెట్టారు. నా పొడవు 152 మీటర్లు. కడుపులో రైలు పట్టాలు పరిచారు. జీలండ్, ఫ్యూనెన్ అనే రెండు దీవుల మధ్య గ్రేట్ బెల్ట్ జలసంధి ఉంది. రైలు బోగీలను ఎక్కించుకుని ఆ నీళ్ళు దాటించడమే నా ఉద్యోగం. కోర్సోర్ రేవులో బోగీలు నాలోకి దొర్లుకుంటూ వచ్చేవి. న్యూబోర్ రేవులో దిగి తమ దారిన పోయేవి. ప్రయాణికులు పై అంతస్తుకొచ్చి నాలుగు మాటలు చెప్పుకునేలోగా అవతలి ఒడ్డు వచ్చేసేది.

1997లో ఆ జలసంధి మీదుగా రైలు మార్గం తెరిచారు. రైళ్ళు సొరంగంలోంచి, వంతెన మీంచి నిమిషాల్లో దాటిపోతుంటే ఇక ఓడతో పనేముంది? నన్ను పక్కన పెట్టారు. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. ఇంజన్లు బాగున్నాయి, ఒళ్ళు గట్టిగా ఉంది, పని మాత్రం లేదు.

1999లో మెర్సీ షిప్స్ అనే క్రైస్తవ సేవాసంస్థ నన్ను కొన్నది. డాన్ స్టీఫెన్స్, డెయాన్ స్టీఫెన్స్ దంపతులు 1978లో మొదలుపెట్టిన సంస్థ అది. యేసు కుంటివాళ్ళనూ గుడ్డివాళ్ళనూ బాగుచేస్తూ ఊరూరా తిరిగాడు కదా, ఆ అడుగుజాడల్లోనే నడవాలని వాళ్ళ సంకల్పం. డాక్టరు లేని చోటికి ఆస్పత్రినే తీసుకుపోవాలనుకున్నారు. ఆఫ్రికాలో పెద్ద ఊళ్ళు ఎన్నో సముద్రం ఒడ్డునే ఉన్నాయి. కరెంటు, మంచినీళ్ళు, మందులు, మత్తు యంత్రాలు అన్నీ తనలోనే ఉంచుకుని రేవులో ఆగే ఓడ అక్కడ ఎంతో ఉపయోగం.

ఈ దారిలో నాకంటే ముందు నడిచిన అక్క ఉంది. ఆమె పేరు అనస్తాసిస్. 1953లో ఇటలీలో విక్టోరియా అనే ప్రయాణికుల ఓడగా జీవితం మొదలుపెట్టింది. బొంబాయి మీదుగా తూర్పు దేశాలకు తిరిగింది. తర్వాత మెర్సీ షిప్స్ మొదటి ఓడ అయింది. 2007లో నేను పనిలోకి వచ్చిన ఏడాదే ఆమె విశ్రాంతి తీసుకుంది. గుజరాత్‌లోని అలంగ్ తీరంలో ఆమె చివరి ప్రయాణం ముగిసింది. ఆమె వార్డుల్లో పనిచేసినవాళ్ళు చాలామంది నా వార్డుల్లోకి వచ్చారు.

నన్ను ఆస్పత్రిగా మార్చడానికి ఏళ్ళు పట్టింది. ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున నా పట్టాలు పెరికేశారు. బోగీలు నిలబడిన చోట గోడలు లేచాయి. అయిదు ఆపరేషన్ థియేటర్లు, 82 పడకలు, ఎక్స్‌రే, స్కానింగ్, లాబొరేటరీ అమిరాయి. పని చేసేవాళ్ళ పిల్లలకు బడి కూడా పెట్టారు. నాలుగు వందల మంది దాకా నాలో కాపురముంటారు. సర్జన్లు, నర్సులు ఎంత అవసరమో వంటవాళ్ళు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, టీచర్లు అంతే అవసరం. దేశదేశాల నుంచి వచ్చే వీళ్ళంతా దాదాపుగా జీతం లేని స్వచ్ఛంద సేవకులు. పైగా ఎన్నో ఏళ్ళపాటు తమ భోజనానికి, గదికి కూడా తామే డబ్బు కట్టుకున్నారు. ఇంటి దగ్గర సంఘస్తులో స్నేహితులో కానుకలు ఇచ్చి పంపితే వచ్చి పరిచర్య చేస్తారు.

నా మొదటి మజిలీ లైబీరియా రాజధాని మన్రోవియా. ఏళ్ళ తరబడి సాగిన అంతర్యుద్ధం 2003లో ఆగింది. నేను వెళ్ళేసరికి దేశం ఇంకా కోలుకుంటూనే ఉంది. ఆ తర్వాత బెనిన్, టోగో, సియెరా లియోన్, గినియా, కాంగో, మడగాస్కర్, కామెరూన్, సెనెగల్ చూశాను. ఒక్కో దేశంలో దాదాపు పది నెలలు లంగరు వేసుకుని ఉంటాను.

నా దగ్గరికి వచ్చే పిల్లల జబ్బులు చాలావరకు వైద్యానికి లొంగేవే. లొంగనిది పేదరికం. పెదవి చీలి పుట్టిన బిడ్డనే తీసుకోండి. తెలుగు ఊళ్ళలో దీన్ని గ్రహణం మొర్రి అంటారు. నేను తిరిగిన ఊళ్ళలోనూ దీనికి శాపమనో దుష్టశక్తి అనో పేరు పెట్టి తల్లిని వేలెత్తి చూపేవాళ్ళున్నారు. అంగిలి కూడా చీలి ఉంటే బిడ్డ పాలు పీల్చుకోలేదు. తాగిన పాలు ముక్కులోంచి వస్తాయి. నెలల బిడ్డ పుట్టినప్పటి బరువు దగ్గరే ఆగిపోతుంది. అలాంటి బిడ్డకు వెంటనే మత్తు ఇవ్వలేరు. అందుకని ముందు తిండి వైద్యం మొదలుపెడతారు. మీ ఇళ్ళలో ఉగ్గుగిన్నెతో పట్టినట్టే, బిడ్డను నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని గుక్క గుక్కగా పాలు ఎలా పట్టాలో తల్లికి నేర్పుతారు. వారం వారం తూకం వేస్తారు. తూకపు ముల్లు కాస్త జరిగితే చాలు, నర్సూ తల్లీ కలిసి చప్పట్లు కొడతారు. బరువు సరిపోయాక పెదవి కుట్టడానికి పట్టేది కొద్దిసేపే.

కాలిన గాయాల పిల్లలది మరో కథ. మూడు రాళ్ళ పొయ్యి, మరుగుతున్న గంజి, పక్కనే పాకే బిడ్డ. ప్రమాదం క్షణంలో జరిగిపోతుంది. సరైన వైద్యం అందకపోతే పుండు మానేటప్పుడు చర్మం ముడుచుకుపోతుంది. గడ్డం రొమ్ముకు అతుక్కుపోతుంది, మోచెయ్యి మడిచింది మడిచినట్టే ఉండిపోతుంది. సర్జన్ ఆ ముడతను కోసి, తొడ మీది చర్మం తీసి అతికిస్తాడు. అసలు కష్టం ఆ తర్వాతే. అతికించిన చర్మం మళ్ళీ బిగుసుకోకుండా వారాల తరబడి చెయ్యి చాపించాలి. నొప్పికి పిల్లవాడు ఏడుస్తాడు. ఫిజియోథెరపిస్టు బుడగలు ఊది, వాటిని పట్టుకోమంటుంది. బుడగ కోసం చెయ్యి ఇంకాస్త సాగుతుంది. మధ్యాహ్నం పూట వార్డుల్లోని పిల్లలను ఏడో డెక్ మీదికి తీసుకెళ్తారు. కట్లతో, పట్టీలతో మూడు చక్రాల సైకిళ్ళు తొక్కుతూ వాళ్ళు చేసే గోల నాకు ఎంతో ఇష్టం.

నోమా అనే జబ్బుంది. తిండి చాలక బలం లేని చిన్నపిల్లల నోట్లో చిగుళ్ళ దగ్గర మొదలై బుగ్గనూ దవడనూ తినేస్తుంది. వైద్యం అందకపోతే పదిమందిలో తొమ్మిదిమంది బతకరు. తొలి రోజుల్లో మామూలు యాంటీబయాటిక్ మందులు, మంచి తిండి అందితే ఆగిపోయే జబ్బు ఇది. 2023 డిసెంబరులో గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చలేదు. బతికి బయటపడ్డ పిల్లల ముఖాలు తిరిగి కట్టిన వైద్యుల్లో గ్యారీ పార్కర్ ఒకరు. కాలిఫోర్నియాకు చెందిన ఈ ముఖ శస్త్రవైద్యుడు 1987లో మా అక్క అనస్తాసిస్ మీదికి కొద్దికాలానికని వచ్చి, దశాబ్దాల పాటు మాతోనే ఉండిపోయారు. ఓడలోనే సంసారం, ఓడలోనే పిల్లల చదువులు.

నా రోగులకు రక్తం ఎలా దొరుకుతుందో చెబుతాను. సిబ్బందే నా రక్తనిధి. దాతల గ్రూపులు ముందే పరీక్షించి రాసి ఉంచుకుంటారు. ఆపరేషన్ బల్ల మీద రక్తం కావాల్సి వస్తే వాళ్ళకు పిలుపు వెళ్తుంది. ఉల్లిపాయలు తరుగుతున్న వంటమనిషి చేతులు కడుక్కుని కిందికి వస్తుంది. ఇంజన్ గదిలోంచి ఒకడు నూనె మరకల చొక్కా మార్చుకుని వస్తాడు. ఇంకా వెచ్చదనం పోని ఆ రక్తం నాలుగు గోడల అవతలున్న పిల్లకు ఎక్కుతుంది. ఇచ్చినవాళ్ళు మళ్ళీ పనిలోకి వెళ్ళిపోతారు. సాటిమనిషి కోసం ప్రాణం పెట్టడమనే మాట ప్రార్థనల్లో చాలాసార్లు విన్నాను. దాన్ని ఇంత మామూలుగా చేసి చూపించేవాళ్ళ మధ్య బతకడం నా అదృష్టం.

గినియాలోనూ సెనెగల్లోనూ నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. బిడ్డ మంచం పక్కన తస్బీ జపమాల తిప్పుకుంటూ కూర్చున్న తండ్రిని నీ మతమేమిటని అడిగి వైద్యం చేయరు. వార్డులో పాటలు పాడతారు, ప్రార్థిస్తారు, ఇష్టమైనవాళ్ళు కలుస్తారు. కుట్టే కుట్టులో మాత్రం తేడా ఉండదు. ఉంటే ఆ ప్రార్థనకు అర్థం లేదు.

అందరికీ వైద్యం చేయగలనా? లేదు. 2015లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన కమిషన్ లెక్క ప్రకారం ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, స్తోమతకు తగిన శస్త్రవైద్యం అందుబాటులో లేదు. నాకున్నవి 82 పడకలు. రోజుల తరబడి నడిచి, బస్సులు మారి వచ్చిన తల్లికి మీ బిడ్డ జబ్బు మా చేతుల్లో లేదని చెప్పక తప్పని సందర్భాలు వస్తాయి. ఆ మాట నిలబడి చెప్పి పంపించేయరు. కూర్చోబెట్టి, ఆమె భాషలో చెప్పి, ఏడవనిచ్చి, పక్కనే ఉంటారు. ఆ భాష తెలిసినవాళ్ళు స్థానికులే. బెనిన్‌లో ఫోన్ భాష, సియెరా లియోన్‌లో క్రియో, మడగాస్కర్‌లో మలగాసీ మాట్లాడే యువతీయువకులు రోజూ ఓడకొచ్చి పనిచేస్తారు. వాళ్ళు లేకపోతే నా సర్జన్లకు నోరు లేదు.

రాకపోకలు కూడా నా ఇష్టప్రకారం సాగవు. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా రేగితే దారి మళ్ళించుకుని మడగాస్కర్ వెళ్ళాను. 2020 మార్చిలో కోవిడ్ వల్ల సెనెగల్లో పని మధ్యలోనే ఆపి డాకర్ రేవు వదలాల్సి వచ్చింది. ఓడ వెళ్ళిపోతే మిగతా పిల్లల గతేమిటి? దీనికి జవాబు మడగాస్కర్‌లో దొరికింది.

పాదం లోపలికి మెలిపడి పుట్టే పిల్లలకు పోన్‌సెటి పద్ధతి అనే వైద్యం ఉంది. అమెరికాలోని అయోవాలో డాక్టర్ ఇగ్నాసియో పోన్‌సెటి రూపొందించారు. పసిపాదాన్ని మెల్లగా కాస్త తిప్పి పిండికట్టు వేస్తారు. వారం తర్వాత కట్టు తీసి, ఇంకాస్త తిప్పి మళ్ళీ కడతారు. ఇలా అయిదారు కట్లయ్యాక చాలామందికి మడమ వెనకున్న స్నాయువును చిన్నగా కోస్తారు. తర్వాత రెండు బూట్ల మధ్య అడ్డకడ్డీ ఉన్న జోడు తొడుగుతారు. మొదట్లో దాదాపు రోజంతా, ఆ తర్వాత నాలుగైదేళ్ళు వచ్చేదాకా రాత్రిళ్ళు అది వేసుకోవాలి. దీనికి పెద్ద థియేటరు అక్కర్లేదు. పిండి, గుడ్డ, నేర్పున్న చెయ్యి చాలు. కానీ వారం వారం ఆ చెయ్యి అక్కడే ఉండాలి. అందుకే పెద్ద సర్జరీలు నా మీద జరుగుతుండగా, ఈ కట్టు కట్టడం అక్కడి ఆరోగ్య సిబ్బందికి నేర్పారు. మత్తు ఇచ్చే విధానం, పనిముట్లు శుభ్రం చేయడం, యంత్రాల మరమ్మతు, ఆపరేషనుకు ముందు సరిచూసుకోవాల్సిన జాబితా, ఇవన్నీ ప్రాంతీయ ఆస్పత్రులకు వెళ్ళి నేర్పారు. 2024లో నేను మళ్ళీ మడగాస్కర్‌కు వెళ్ళాను. ఇప్పుడు నాకొక చెల్లెలు కూడా ఉంది. గ్లోబల్ మెర్సీ అనే ఆ ఓడను చైనాలో ఆస్పత్రిగానే కట్టి 2021లో పూర్తి చేశారు. ఆమె పశ్చిమాఫ్రికాలో వైద్యంతోపాటు ఇదే శిక్షణ సాగిస్తోంది.

వైద్యం చేసే చెయ్యి ఊళ్ళోనే ఉండిపోతే ఎంత మేలో గుంటూరు వాళ్ళకు అనుభవమే. అమెరికా నుంచి డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో అక్కడికి వచ్చారు. 1898లో ఆస్పత్రి తెరిచారు. 1930లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. ఒక ఊరికి జీవితమంతా ఇచ్చే భాగ్యం ఆమెకు దక్కింది. లంగరెత్తి పోయే నాకు అది లేదు. అందుకే నేర్పి వెళ్ళడం నా విషయంలో వైద్యమంత ముఖ్యం.

పరదేశంలో పేద పిల్లలకు సేవ చేద్దామని బయలుదేరే బృందాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి, తెలుగు సంఘాల్లోనూ ఉన్నాయి. వాళ్ళందరికీ నా మాట ఇది. బొమ్మలు, బట్టలు తీసుకెళ్ళండి, పిల్లలు సంతోషిస్తారు. వాటితోపాటు నేర్పగలిగిన విద్య ఒకటి తీసుకెళ్ళండి. ఏం కావాలో అక్కడి నర్సును, అక్కడి టీచరును ముందు అడగండి. రెండో కట్టు ఎవరు కడతారో తేల్చుకున్నాకే మొదటి కట్టు కట్టండి.