సగటు చెవికి సగటు మోత

సిద్దిపేట గడ్డ మీద ప్రయాణికుల రైలు కూత వినబడిందే 2023 అక్టోబరు 3న. విమానం మాత్రం ప్లాట్ల బ్రోచర్లలో ఎప్పుడో దిగిపోయింది. గజ్వేల్ దగ్గర రీజనల్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ ‘జస్ట్’ ఇంత దూరం, ఇటు తిరిగితే వరంగల్ మామునూరు. ఎయిర్‌పోర్టు ఎంత దగ్గరైతే గజం ధర అంత పైకి. చప్పుడు సంగతేమిటని అడిగితే ఏజెంటు నవ్వి, ముందు టోకెన్ అడ్వాన్సు ఇమ్మంటాడు.

అధికారులు ఏమీ కొలవరని కాదు. ఎత్తు కొలుస్తారు. రన్‌వే చుట్టుపక్కల మేడ లేపాలంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ కావాలి. రంగుల మ్యాపు ముందు పెట్టుకుని, సముద్రమట్టం నుంచి ఎన్ని మీటర్లో తేలుస్తారు. విమానానికి మేడ అడ్డం రాకూడదు, న్యాయమే. మరి మేడలో పడుకున్నవాడి నిద్రకు విమానం అడ్డం వస్తే?

దానికీ లెక్క ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. పెళ్లి డీజే ఆపించడానికి పోలీసులకు దొరికిన ఆధారం ఇదే. 2018లో కేంద్రం విమానాశ్రయాలకు విడిగా ప్రమాణాలిచ్చింది. ఏటా 50 వేలకు మించి విమానాలు ఎగిరి దిగేచోట పగలు 70, రాత్రి 65. చెవి అదే, మనిషి అదే. మోత మోసేవాడి హోదాను బట్టి హద్దు జరిగింది.

అసలు కనికట్టు సగటులో ఉంది. రోజుకు 40 విమానాలు, ఒక్కోటి 20 సెకన్లపాటు 80 డెసిబెల్స్‌తో ఇంటి మీదుగా పోయాయనుకుందాం. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా 16 గంటలకు పరిచి చూస్తే సగటు 61 చిల్లర. పాస్! విమానాలను 80 చేయండి, పెరిగేది మూడే డెసిబెల్స్. 160 చేయండి, మరో మూడు. అప్పటికీ 70 లోపే. చెంప పగలగొట్టి, ఆ దెబ్బను రోజంతటికీ పంచి, నిమిరినట్టు రాసుకోవడమే ఇది. ఉలిక్కిపడి లేచిన పసిబిడ్డకు సగటు తెలియదు పాపం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే విమానాల మోత సగటున 45 దాటొద్దంది, రాత్రయితే 40. అంటే సగటు తీసినా సరే, మన హద్దు చాలా పైన ఉంది.

బేగంపేట విమానాశ్రయం చుట్టూ ఊరు కమ్ముకుంది. ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాద్ పోయాయి. ఊరు ఊరుకుందా, వెంటే పోయింది. ఇప్పుడు మామునూరు వంతు. నిజాం కాలపు ఆ రన్‌వేకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి దొరికింది. విమానం ఇంకా ఎగరలేదు, వెంచర్లు ఎగిరాయి.

కాబట్టి ఇళ్లు లేచాక మీటర్లు పట్టుకుని తిరగడం కాదు. లేఅవుట్ ఆమోదానికి ముందే మోత మ్యాపు గీసి మాస్టర్ ప్లాన్‌తో పాటు పంచాయతీ గోడకు అంటించాలి. అందులో సగటుతోపాటు రోజుకు ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు అన్నది కూడా రాయాలి. అంతవరకు సిద్దిపేట నుంచి ప్లాటు చూడబోయేవారు రిజిస్ట్రేషనుకు ముందు ఆ మ్యాపు చూపించమని అడగండి.