సర్కారుకు కాలదోషం పట్టదు

ప్రోనోటు సంగతి పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. అప్పిచ్చినవాడు మూడేళ్లలోపు దావా వేయకుండా, కనీసం వెనక చెల్లు అయినా రాయించుకోకుండా కూర్చుంటే నోటుకు కాలదోషం పడుతుంది. ఆ తరువాత అది పొట్లం కట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఈ వ్యాధి సర్కారుకు మాత్రం అంత తొందరగా సోకదు. 1908 నాటి కాలపరిమితి చట్టం ప్రభుత్వం వేసే దావాలకు 60 ఏళ్ల గడువిచ్చింది. స్వతంత్రం వచ్చాక, 1963లో కొత్త చట్టం చేసినప్పుడు దాన్ని 30 ఏళ్లకు కుదించారు. తెల్లదొరల బద్ధకంలో సగమే మనకు వారసత్వంగా దక్కిందన్నమాట. ఇది చాలదన్నట్టు, ఎవరైనా ప్రభుత్వం మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ముందు నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలల్లో అధికారులు ఆలోచించుకుని తప్పుంటే దిద్దుకుంటారని శాసనకర్తల ఆశ. ఆ నోటీసులకు చాలావాటికి జవాబే రాదని, వచ్చినా అందులో విషయముండదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది.

ఇప్పుడు భూమి పోగొట్టుకున్న రైతు దగ్గరకు వెళదాం. 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం కలెక్టరు కట్టిన ధర చాలదనుకుంటే, వ్యవహారాన్ని కోర్టుకు పంపమని రైతు దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. అవార్డు, అంటే ఆ ధర నిర్ణయం, ప్రకటించిన రోజు ఎదురుగా ఉంటే ఆరు వారాలు గడువు. లేకపోతే నోటీసు అందాక ఆరు వారాలు, అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఈ రెంటిలో ఏది ముందు ముగిస్తే అది. ఒక్కరోజు దాటినా మన్నించే అధికారం కలెక్టరుకు లేదని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే పొలం మునిగి, ఊరు కదిలి, సామాను బండికెత్తుకుని, కొత్తచోట గుడిసె వేసుకుని, ఎవరి పేరున ఎంత కట్టారో వాకబు చేసి, వకీలును వెతుక్కోవడానికి ఆ కుటుంబానికి ఆరు వారాలు చాలునని చట్టం నమ్మింది. దాని స్థానంలో వచ్చిన 2013 చట్టం ఆ గడువులనే ఉంచినా కాస్త కనికరించి, సరైన కారణం చూపితే మరో ఏడాది వరకు దరఖాస్తు తీసుకోవచ్చంది. ఆ ఏడాది దాటితే రైతు ఎంత ఏడ్చినా కలెక్టరు చేయగలిగిందేమీ లేదు.

అదే కలెక్టరు, కోర్టు ధర పెంచిందని అప్పీలుకు పోదలచుకుంటే కథ వేరు. కాలపరిమితి చట్టం 5వ సెక్షన్ ప్రకారం తగిన కారణం చూపితే ఎంత జాప్యాన్నయినా కోర్టు మన్నించవచ్చు. దానికి పైపరిమితి లేదు. అనంతనాగ్ భూసేకరణ కలెక్టరు ఒకాయన సరిగ్గా ఇలాంటి అప్పీలుతోనే, నాలుగే నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు. హైకోర్టు కాదంది. 1987లో సుప్రీంకోర్టు దయతలచింది. ప్రభుత్వానికి ముఖమంటూ లేదు, అక్కడ నోట్లు రాయడం, ఫైళ్లు నెట్టడం, నీ పనంటే నీ పనని తోసేయడం అలవాటు, కాబట్టి కొంత ఉదారంగా చూడాలన్నది ఆ తీర్పులోని ధోరణి. మామూలు మనిషి కోర్టుకెళ్లి ‘అయ్యా, మా ఇంట్లో ఎవరి పని వాళ్లు చేయరు, అందుకే ఆలస్యమైంది’ అంటే జడ్జిగారు ఏమంటారో ఊహించుకోండి. సర్కారు అన్నప్పుడు అది ‘తగిన కారణం’ అయింది. నాలుగు రోజుల కేసులో నాకూ పేచీ లేదు. ఆ రోజు తెరిచిన కిటికీలోంచి తరువాత ఎన్ని బండ్లు దూరాయన్నదే నా బాధ.

తరువాత తపాలా శాఖ 427 రోజుల ఆలస్యంతో సుప్రీంకోర్టుకొచ్చింది. ఉత్తరాలు సకాలంలో చేర్చడమే వృత్తిగా పెట్టుకున్న శాఖ! హైకోర్టు తీర్పు నకలు కోసం దరఖాస్తు పెట్టడానికే వాళ్లకు దాదాపు నాలుగు నెలలు పట్టింది. పెట్టిన రోజే నకలు చేతికొచ్చింది. కాలపరిమితి ప్రభుత్వానికీ వర్తిస్తుందని, ఎర్రటేపు కథలు ఇక చెల్లవని 2012లో కోర్టు గట్టిగా చెప్పి ఇంటికి పంపింది. ఆ మాట ఫైలు కదిలే వేగంతోనే ఊళ్లకు చేరినట్టుంది. 2020లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం 663 రోజుల ఆలస్యంతో దిగింది. కోర్టుకు కోపమొచ్చి 25 వేల రూపాయల జరిమానా వేసి, దాన్ని బాధ్యులైన అధికారుల నుంచి రాబట్టమంది. లెక్క వేస్తే రోజుకు 38 రూపాయలు. పట్నంలో ఆ డబ్బుకు ప్లేటు ఇడ్లీ కూడా రాదు. ఇక కర్ణాటక గృహనిర్మాణ మండలి అందరినీ మించిపోయి 3,966 రోజులు, అంటే పదకొండేళ్లకు కాస్త తక్కువ, ఆలస్యం చేసింది. హైకోర్టు మన్నించింది కూడా. 2025లో సుప్రీంకోర్టు ఆ మన్నింపును కొట్టేసింది.

‘చూశారా, చివరికి న్యాయమే జరిగింది కదా’ అనేవాళ్లుంటారు. జరిగింది, ఢిల్లీ దాకా వెళ్లగలిగినవాళ్లకు. గెలిచిన మనిషి ముందు సర్కారు ఆలస్యాన్ని భరించాలి, తరువాత ఆ ఆలస్యం క్షమార్హమా కాదా అన్న వాదాన్ని భరించాలి, దాని మీద వచ్చే అప్పీలునూ భరించాలి. అసలు తగాదా అప్పటికి మూలన పడి ఉంటుంది.

ఇంతకీ ఓడిపోతామని తెలిసీ ఎందుకొస్తారు? దీనికి జవాబు మధ్యప్రదేశ్ కేసులో కోర్టే చెప్పింది. వీటిని ‘సర్టిఫికెట్ కేసులు’ అంది. గెలవడానికి కాదు, ‘కొట్టివేయడమైనది’ అన్న కాగితం కోసం వేసే కేసులివి. ఆ కాగితం ఎంత విలువైనదో ఆఫీసు తెలిసినవాళ్లకే అర్థమవుతుంది. జిల్లా కోర్టు తీర్పు వచ్చాక గవర్నమెంటు ప్లీడరు ‘అప్పీలుకు తగినది కాదు’ అని రాశాడనుకోండి. ఆ అభిప్రాయాన్ని ఒప్పుకుంటూ సంతకం పెట్టే అధికారి రేపు ఆడిట్ అభ్యంతరానికి జవాబు చెప్పాలి, ఎవడైనా అర్జీ పెడితే విజిలెన్సుకు జవాబు చెప్పాలి, రైతుతో కుమ్మక్కయ్యాడన్న మాట పడాలి. అప్పీలు వేయమంటే ఏ ప్రమాదమూ లేదు. అందుకని ఫైలు రిమార్కుల కోసం తహసీల్దారుకు, అక్కడి నుంచి ఆర్డీవోకు, కలెక్టరేటుకు, సెక్రటేరియట్‌కు, న్యాయశాఖకు, ఖర్చుంది కాబట్టి ఆర్థికశాఖకు తిరుగుతుంది. మధ్యలో ఒకాయన బదిలీ, ఒకాయన సెలవు, ఒక ఎన్నిక. గడువు ఎప్పుడో దాటిపోతుంది. అయినా ఫరవాలేదు. సుప్రీంకోర్టు కొట్టేస్తే ‘మేం ఆఖరి మెట్టు దాకా పోరాడాం’ అని రాసి ఫైలు మూసేయవచ్చు. ఆలస్యాన్ని పొరపాటని అనుకునేవాళ్లు పాపం అమాయకులు. అది భద్రతా ఏర్పాటు. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఇక్కడ చేస్తున్న పని, రికార్డు రూములో అటెండరు చేసేదే: ఫైలుకు తాడు కట్టి అటక మీద పెట్టడం.

గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ప్రభుత్వ సొమ్మంటే ప్రజల సొమ్ము. ఎవరో గుమాస్తా నిద్రపోయాడని ప్రజలు నష్టపోవాలా? వినడానికి బాగుంటుంది. లెక్క తీస్తే మాత్రం తిరగబడుతుంది. పాత భూసేకరణ చట్టంలో కోర్టు పెంచిన మొత్తానికి, భూమి స్వాధీనం చేసుకున్న నాటి నుంచి మొదటి ఏడాది 9 శాతం, ఆ తరువాత డబ్బు కట్టేదాకా 15 శాతం వడ్డీ ఇవ్వాలి. 2013 చట్టంలోనూ అంతే. పెరిగిన పరిహారం పది లక్షలనుకుందాం. ఏడాదికి లక్షన్నర, రోజుకు నాలుగు వందల పైచిలుకు. మధ్యప్రదేశ్ వారి 663 రోజులకు కడితే రెండు లక్షల 72 వేలు. ఏ బ్యాంకూ డిపాజిట్ మీద ఇవ్వని వడ్డీని మన ఖజానా ఫైలును అటూ ఇటూ తిప్పినందుకు ఇస్తోంది. కాబట్టి మన్నింపుతో కాపాడేది ప్రజల సొమ్మును కాదు, సంతకం పెట్టడానికి భయపడిన చేతిని. అప్పుడప్పుడూ మన పత్రికల్లో ఆర్డీవో ఆఫీసు కుర్చీలు, కలెక్టరు కారు జప్తు చేయడానికి కోర్టు అమీనా వచ్చాడన్న వార్త చూస్తుంటాం. తీర్పును పట్టించుకోని కార్యాలయానికి కుర్చీ పోతుందనగానే కేసు నంబరు గుర్తొస్తుంది.

రైతుల ఆలస్యాన్నీ కోర్టులు మన్నించాయి కదా అంటే, అవును, అప్పీళ్ల దశలో మన్నించాయి. 2014లో హర్యానా రైతుల విషయంలో సుప్రీంకోర్టు ఏళ్ల తరబడి జాప్యాన్ని క్షమించి, ఆలస్యమైన కాలానికి మాత్రం వడ్డీ ఇవ్వనంది. చక్కటి పద్ధతి. నీ ఆలస్యం నీ ఖాతాలోనే అన్నమాట. అదే త్రాసులో సర్కారునూ తూచమని అడుగుతున్నాం. ఎన్ని రోజులు ఆలస్యమైతే అన్ని రోజుల వడ్డీని ఫైలు ఆపినవాడి జీతంలోంచి కోయండి; అప్పీలు అనవసరమని నిజాయితీగా రాసిన అధికారిని ఆడిట్ నుంచి కాపాడండి. ఇందుకు కొత్త జడ్జీలు అక్కర్లేదు, కొత్త భవనాలు అక్కర్లేదు. జాతీయ వ్యాజ్య విధానమంటూ 2010 నుంచి ఏళ్ల తరబడి ముసాయిదాలు నలిగాయి. వాటికి మాత్రం ఏ గడువూ లేకపోయింది.

ఈలోగా మీ చేతిలో భూసేకరణ అవార్డు కాగితం ఉంటే ఈ కాలమ్ పక్కన పెట్టి దాని మీద తేదీ చూసుకోండి. మీకున్నది ఆరు వారాలు.