పాత ఇంజనుకు చిక్కటి ఆయిల్ మందు కాదు

"బాబాయ్, ఎండలు ముదిరాయి, బండేమో పాతది. చిక్కటి ఆయిల్ పోయించు." నూజివీడు చుట్టుపక్కల పాత అంబాసిడర్, మారుతి 800 ఉన్నవాళ్లకు మామిడి సీజన్ రాగానే ఈ సలహా తగులుతుంది. దయచేసి వినకండి.

బయట ఎండ ఎంతున్నా, వేడెక్కిన ఇంజనులో ఆయిల్ సుమారు 100 డిగ్రీల దగ్గర తిరుగుతుంది. డబ్బా మీద 20డబ్ల్యూ-40 అని ఉంటే, ఆ 40 చెప్పేది 100 డిగ్రీల దగ్గర చిక్కదనాన్నే. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో స్టార్టింగుకి సంబంధించింది. 20డబ్ల్యూకి ఆ పరీక్ష మైనస్ 15 డిగ్రీల దగ్గర చేస్తారు. ఆగిరిపల్లిలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు.

నీలం పొగ వస్తోందంటే రింగులో, వాల్వు సీళ్లో అరిగాయని అర్థం. చిక్కటి ఆయిల్ పొగను కొన్నాళ్లు తగ్గించవచ్చు, అరిగినదాన్ని మాత్రం బాగుచెయ్యదు. పైగా రాత్రంతా నిలబడ్డ బండిలో ఆయిల్ కిందకి దిగిపోయి ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చిక్కటిది పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది. ఇంజను బాగా అరిగేది ఆ కాసేపట్లోనే.

"కొంచెం నైంటీ ఆయిల్ కలిపెయ్" అనేది అన్నిటికన్నా చెడ్డ సలహా. అది గేరుబాక్సు ఆయిల్, దాని కొలతే వేరు. అక్కడి 90, ఇంజను ఆయిల్ లెక్కలో 40, 50ల చుట్టుపక్కలే ఉంటుంది. అంటే అనుకున్నంత చిక్కదనం రాదు. మసిని అంటుకోకుండా పట్టి ఉంచే రసాయనాలు ఇంజనుకు కావలసినంత అందులో ఉండవు. ఆ మసి పేరుకునేది మీ ఇంజనులోనే.

ఖరీదైన 0డబ్ల్యూ-20 పోస్తే పాత బండి కొత్తదవుతుందన్న మాటా నమ్మొద్దు. 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌లో క్యామ్ అరగకుండా కాపాడేది ఆయిల్‌లోని జింకు రసాయనం. కొత్త కార్ల కోసం చేసే పలచటి ఆయిళ్లలో అది తక్కువ.

డీజిల్ బండి ఆయిల్ నల్లబడితే కంగారొద్దు, మసిని పట్టుకునే పని చేస్తున్నట్టే.

బండితో వచ్చిన పుస్తకంలో ఏ అంకె ఉంటే అదే పోయించండి. బండి వేడెక్కాక ఆయిల్ లైటు మిణుకుమంటుంటే ముందు గేజితో ప్రెషర్ చూపించండి. నిజంగా తక్కువుంటే, మెకానిక్ కారణం తేల్చాకే 40 నుంచి 50కి వెళ్లే ఆలోచన చెయ్యండి. చిక్కటి ఆయిల్‌కి పెట్టే డబ్బుతో, తోటల డొంకల్లో దుమ్ము లేచేలోపు, కోతలకు ముందే ఆయిల్‌తో పాటు ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్పించండి.