రిటైరైన బస్సుకి పల్లె పోస్టింగు

ఆర్టీసీలో బస్సు ఉద్యోగం పైనుంచి కిందికి నడుస్తుంది. చేరేటప్పుడే సూపర్ లగ్జరీ హోదా, వెనక్కి వాలే సీట్లు, రాత్రి హైదరాబాదు డ్యూటీ. లక్షల కిలోమీటర్లు తిరిగి నడుం పట్టేశాక సీట్లు మార్చి, రంగు పూసి ఎక్స్‌ప్రెస్ అంటారు. ఆ ఓపికా అయిపోయాక ఇంకో రంగు పూసి పల్లెవెలుగు అని రాస్తారు. అప్పుడు దానికి కుప్పం వైపు గుడుపల్లె, రామకుప్పం లాంటి ఊళ్ళ దారి దొరుకుతుంది. నేరుగా పల్లెవెలుగు కోసమే కొన్న కొత్త బస్సులూ ఉంటాయి, కాదనను. కానీ వాటి కోసం ఎదురుచూసేవాళ్ళు ఆలోపు ఆటో ఎక్కేస్తారు.

ఎందుకిలా అంటే ఆఫీసు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: ‘రాబడి ఉన్న రూటుకే కొత్త బస్సు.’ వినడానికి ఎంత న్యాయంగా ఉంది! గుడుపల్లె రూటుకి రాబడి లేదు కాబట్టి పాత బస్సు. పాతది కాబట్టి వారంలో ఒకరోజు దారిలో నిలబడుతుంది. నిలబడింది కాబట్టి జనం షేర్ ఆటోకి పోతారు. జనం పోయారు కాబట్టి ఓఆర్, అంటే సీట్లు నిండే శాతం, పడిపోయింది. ఓఆర్ పడిపోయింది కాబట్టి, చూశారా, మేం ముందే చెప్పలేదా, ఆ రూటుకి రాబడి లేదు! మధ్యాహ్నం ట్రిప్పు కూడా ఎత్తేయండి.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఈ లెక్కకి కొత్త సొగసు వచ్చింది. ఆడవాళ్ళకి ఛార్జీ లేని ప్రయాణం ఎందులో? పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో. అంటే జనమంతా ఎక్కేది ముసలి బండ్లలోనే. బెంగళూరు పనులకి పొయ్యే మగవాళ్ళు తెల్లారకముందే రైలెక్కేస్తారు. బస్సుకి మిగిలేది కుప్పం కాలేజీ పిల్లలు, మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పొయ్యే అవ్వలు, పూలబుట్టలు. ‘ఈ బండి పోతాదా నాయనా, నిలబడతాదా?’ అని అవ్వ అడిగితే కండక్టరు జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. అంతకంటే నిజాయితీగా ఆయన మాత్రం ఏం చెప్పగలడు?

ఇది ఏదో మారుమూల నియోజకవర్గం అనుకునేరు. 1989 నుంచి చంద్రబాబునాయుడుని గెలిపిస్తూ వస్తున్న కుప్పం. హంద్రీ-నీవా కాలువలో శ్రీశైలం నీళ్ళు ఎత్తిపోతల మెట్లెక్కి ఇక్కడిదాకా వచ్చాయి. కృష్ణమ్మే ఇంత దూరం రాగలిగినప్పుడు, చక్రాలున్న వస్తువుకి ఏం కష్టమో ఇంజనీర్లే తేల్చాలి. 2022లో తిరుపతికి 100 కరెంటు బస్సులిచ్చారు. తిరుమల కొండకి పోగా మిగిలినవి నడిపిన ఊళ్ళలో మదనపల్లె ఉంది. అంతవరకు సంతోషం. మదనపల్లె దాటి కుప్పం వైపు వస్తే పుంగనూరు. అక్కడి ఆవు పొట్టిది, కాస్త మేతతో సర్దుకుని పాలిస్తుంది. ఈ ప్రాంతపు ప్రయాణికుడు కూడా అదే జాతి అని ఎవరో పెద్దలు ఫైల్లో రాసిపెట్టినట్టున్నారు.

అమెరికావాళ్ళకి ఈ తెలివి లేదు. 1964 పౌరహక్కుల చట్టం పుణ్యమా అని, కేంద్ర నిధులు తీసుకునే పెద్ద బస్సు సంస్థలు ఏ డిపోకి, ఏ రూటుకి ఏ బస్సు వెయ్యాలో ఒక విధానం రాసి పెట్టుకోవాలి. నల్లవాళ్ళ పేటలకి పాత బండ్లే పోతున్నాయా అని ఎవరైనా అడిగితే కాగితం చూపించాలి. డిపోలవారీగా బస్సుల సగటు వయసు గోడకి అంటించమంటే మన దగ్గర ఎవరు ఒప్పుకుంటారు? గోడ మీద ఇప్పటికే ‘ప్రయాణికుల సేవే మా ధ్యేయం’ అని ఉంది, ఖాళీ లేదు.

‘పల్లె రోడ్లు బాగాలేవు, కొత్త బస్సు పాడైపోతుంది’ అన్నది ఇంకో వాదన. బస్సుని గుంతల నుంచి కాపాడుతున్నారట. లోపల కూర్చున్నవాళ్ళ నడుము సంగతి ఏ ఫైల్లోనూ లేదు.

అందుకని చిన్న మనవి. వరస తిరగెయ్యండి. కొత్త బస్సు మొదట గుడుపల్లె దారిలో తిరగనివ్వండి. కిలోమీటర్లు నిండాక రంగు పూసి, సూపర్ లగ్జరీ అని రాసి, రాత్రి హైదరాబాదుకి పంపండి. అర్ధరాత్రి హైవే మీద అది నిలబడిపోతే ప్రయాణికులు గొడవ చేస్తారు, ఫోన్లు చేస్తారు, ఎమ్మెల్యేలు లేస్తారు, తెల్లారేసరికి కొత్త బస్సు వస్తుంది. గుడుపల్లె అవ్వకి ఆ ఫోన్ నంబర్లు తెలీవు.