ఒక రేడియేటర్ ఫ్యాన్ స్వీయచరిత్ర

ఈ స్వీయచరిత్రకు కర్త ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1977లో తయారైన ఒక ఎంజీబీ స్పోర్ట్స్ కారు రేడియేటర్‌కు గాలి అందించే విద్యుత్ ఫ్యాన్. 1962 నుంచి 1980 దాకా వెలువడిన ఆ కార్లలోని 1798 సీసీ ఇంజిను బీ-సిరీస్ కుటుంబానికి చెందినది. తెలుగునాట టాక్సీగానూ సర్కారీ బండిగానూ తిరిగిన అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజినుదీ అదే వంశం కాబట్టి, ఈ ఫ్యాన్‌కు ఆ బండి దూరపు చుట్టమే. తొలినాటి ఎంజీబీలో ఫ్యాన్‌ను బెల్టు ద్వారా ఇంజినే తిప్పేది. అందువల్ల బండి వేగంగా పోతూ ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తున్నప్పుడు అది అవసరం లేకున్నా తిరిగి ఇంజిను శక్తిని వాడుకునేది, రద్దీలో బండి నిలిచి గాలి నిజంగా కావలసివచ్చినప్పుడు మాత్రం ఇంజినుతో పాటు తానూ మందగించేది. 1977 మోడల్‌లో ఆ పని విద్యుత్ మోటారుకు అప్పగించారు. ఈ ఫ్యాన్ పుట్టుకకు అదే సందర్భం.

అవసరం కలిగినప్పుడే తిరగాలన్న నియమాన్ని అమలు చేసేది థర్మోస్టాటిక్ స్విచ్, అంటే ఇంజినును చల్లబరిచే కూలెంట్ ద్రవం వేడి ఒక హద్దు దాటగానే తనంతట మూసుకుని కరెంటును మోటారుకు పంపే చిన్న పరికరం. ఆ హద్దు సాధారణంగా 90 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. ఫ్యూజు దాటి వచ్చిన కరెంటు స్విచ్‌లోంచి మోటారుకు చేరి, అక్కడి నుంచి నల్ల తీగ ద్వారా కారు లోహపు బాడీలోకి దిగి, బాడీ గుండానే బ్యాటరీకి తిరిగి వెళుతుంది. ఈ తిరుగుదారినే ఎర్తు అంటారు. కరెంటు వచ్చే దారి మీద అందరి దృష్టీ పడుతుంది గాని, పోయే దారిని తలచుకునేవారు అరుదు.

వయసు మీరాక ఈ ఫ్యాన్‌కు వచ్చిన కష్టం పూర్తిగా ఆగిపోవడం కాదు, నీరసంగా తిరగడం. ఆగిపోయిన ఫ్యాన్ సంగతి తేల్చడం సులువే: స్విచ్‌కు వచ్చే రెండు తీగలను విప్పి ఒకదానికొకటి కలిపినప్పుడు ఫ్యాన్ తిరిగితే లోపం స్విచ్‌లో ఉన్నట్టు, లేదా కూలెంట్ తగ్గి స్విచ్ దాకా వేడి చేరనట్టు, తిరగకపోతే ఫ్యూజు నుంచి వెతుక్కుంటూ రావాలి. తిరుగుతూనే పని చేయని ఫ్యాన్ విషయంలో ఈ పరీక్ష ఏమీ చెప్పదు. అనుమానం సహజంగానే మోటారు మీదకు మళ్లి, కార్బన్ బ్రష్షులు అరిగాయని, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే మెత్తని దిమ్మెలు పొట్టివై సరిగా తగలడం లేదని తీర్మానించి, మెకానిక్ ఫ్యాన్‌ను ఊడదీశాడు. బల్ల మీద నేరుగా బ్యాటరీకి తగిలించగానే అది హోరున తిరిగింది. తిరిగి కారులో బిగిస్తే మళ్లీ అదే నీరసం.

అప్పుడు టెస్ట్ ల్యాంపు బయటికి వచ్చింది. మోటారు నుంచి విప్పిన తీగల దగ్గర పెడితే బల్బు దేదీప్యమానంగా వెలగడంతో కరెంటు బాగానే వస్తోందని అనుకున్నారు. ఈ ఫ్యాన్ అభిప్రాయంలో పాతకార్ల మరమ్మతులో ఇంతటి అబద్ధసాక్షి మరొకటి లేదు. అలాంటి చిన్న బల్బు తీసుకునే కరెంటు ఆంపియర్‌లో ఐదో వంతుకు మించదు గనుక, దారిలో తుప్పుపట్టిన జాయింటు 0.2 ఓమ్‌ల నిరోధం కలిగిస్తున్నా అక్కడ పోయేది 0.04 వోల్టులే, వెలుగులో తేడా కంటికి ఆనదు. అదే జాయింటు గుండా మోటారు 10 ఆంపియర్లు లాగినప్పుడు పోయేది 2 వోల్టులు, ఆ జాయింటులో వేడిగా వృథా అయ్యేది 20 వాట్లు; వోల్టులు తగ్గిన మేరకు మోటారు వేగం, దానితో పాటు గాలి తగ్గిపోతాయి. అందుకే వోల్టేజిని ఫ్యాన్ నడుస్తుండగానే కొలవాలి.

మల్టీమీటరుతో అలా కొలిచినప్పుడు బ్యాటరీ వద్ద 13.6, మోటారు వద్ద 10.4 వోల్టులు కనిపించాయి. మీటరు ఒక కొనను బ్యాటరీ పాజిటివ్ వద్ద, రెండోదాన్ని మోటారుకు కరెంటు వచ్చే తీగ వద్ద పెడితే వచ్చే దారిలో నష్టం 0.4 వోల్టులని తేలింది. వయసు మళ్లిన బండిలో అది సహించదగినదే. బ్యాటరీ నెగిటివ్‌కూ మోటారు ఎర్తు తీగకూ మధ్య మాత్రం 2.8 వోల్టులు కనిపించాయి. దోషమంతా తిరుగుదారిలో ఉంది: ఎర్తు తీగను బాడీకి బిగించిన బోల్టు కింద, ఎప్పుడో వేసిన పెయింటు పొర మీద తుప్పు పేరుకుని ఉంది. లోహం మెరిసేదాకా గీకి, కొత్త రింగు టెర్మినల్ బిగించి, మళ్లీ తుప్పు పట్టకుండా గ్రీజు పూశారు.

ఫ్యాన్‌కు పూర్వపు హోరు తిరిగి వచ్చింది గాని, విచిత్రంగా వేడి ముల్లు కిందికి దిగలేదు. శాశ్వత అయస్కాంతాలున్న మోటారుకు తీగలు తారుమారైతే అది ఆగదు, ఎదురుదిశలో తిరుగుతుంది. బల్ల మీద నుంచి తిరిగి బిగించినప్పుడు జరిగింది అదే కాగా, అప్పటి నీరసంలో ఆ తేడాను ఎవరూ గుర్తించలేదు. గాలి ముందునుంచి ఇంజిను వైపు సాగడానికి బదులు ఇంజిను వేడిని రేడియేటర్ మీదకు తోస్తోంది. రేడియేటర్ ముందు పట్టుకున్న కాగితం దాన్ని అంటుకోకుండా బయటికి ఎగిరిపోవడంతో సంగతి బయటపడి, తీగలు మార్చారు. కొద్ది నిమిషాల్లో కూలెంట్ చల్లబడి స్విచ్ తెరుచుకుంది, ఇంజిను నడుస్తుండగానే ఫ్యాన్ ఆగింది. దాని స్థానం కోసం తెప్పించిన కొత్త మోటారు పెట్టె విప్పకుండానే దుకాణానికి తిరిగి వెళ్లింది.