మస్టర్ పడింది, మనిషి లేడు

మా గోదావరిఖనిలో గోడ గడియారం అలంకారానికే. ఊరంతా షిఫ్టుల మీద నడుస్తుంది. పెళ్లికి పిలిచేవాళ్లు కూడా బొట్టు పెట్టే ముందు "ఆనాడు నీది ఏ షిఫ్టు?" అని అడుగుతారు. ఫస్టు, సెకండు, నైటు చాలవన్నట్టు 2020 సెప్టెంబర్ 1న మా రెండు గదుల క్వార్టర్లో నాలుగో షిఫ్టు మొదలైంది. ఆన్‌లైన్ క్లాసు.

అది సింగరేణికి నూరేళ్లు నిండిన ఏడాది. మంచి అర్థంలోనే అంటున్నాను. 1920 డిసెంబర్‌లో పుట్టిన మా బొగ్గు కంపెనీ ఇంకా దుక్కలాగే ఉంది. బడులే మార్చిలో కరోనాతో మంచమెక్కాయి. పక్క క్వార్టర్ పిలగాడు పదో తరగతిలో మూడు పరీక్షలు రాసి, మిగిలినవి రాయకుండానే, రాష్ట్రంలోని 5 లక్షల 34 వేల మందితో కలిసి పాసైపోయాడు. వాళ్ల నాన్న మిఠాయి పంచుతూ, నవ్వాలో సిగ్గుపడాలో తేలక మాస్కు ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

మావాడిది ఆరో తరగతి, సర్కారు బడి. వాడికి పాఠాలు టీవీలో, దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ వచ్చేవి. హైదరాబాద్ స్టూడియోలో టీచరమ్మ "అర్థమైందా పిల్లలూ?" అని ఒక్క క్షణం ఆగేది. మావాడు గోడ మీది బల్లిని చూస్తుండేవాడు. అంత దూరం నుంచి అడుగుతుంటే పలక్కపోవడం మర్యాద కాదని మా అవ్వే "అయింది బిడ్డా, కానీయ్" అనేది. రెండు నెలలు తిరిగేసరికి అవ్వ కిరణజన్య సంయోగక్రియ అనే మాట తడుముకోకుండా పలికింది. వాణ్ని అడిగితే నీళ్లు నమిలాడు.

పెద్దదానిది తొమ్మిదో తరగతి, ప్రైవేటు బడి. దానికి క్లాసు ఫోనులో. ఇంట్లో ఉన్నదే ఒక్క స్మార్ట్‌ఫోను, అదీ నాది. ఇక్కడే బొగ్గుబాయి ఆదుకుంది. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె, ఫోను ఏవీ తీసుకుపోకూడదు. లోపల గ్యాసు ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి ఫస్టు షిఫ్టు వారమంతా నేను కిందికి, ఫోను పిల్ల చేతికి. పట్నంలో తండ్రులు ఫోను కోసం పిల్లలతో గుంజులాడుతుంటే, భూగర్భం వాళ్లం మేం పైసా ఖర్చు లేకుండా దానకర్ణులమైపోయాం.

దానం వికటించింది వాట్సాప్‌లో. బడి గ్రూపు, యూనియన్ గ్రూపు పక్కపక్కనే ఉండేవి. ఒకరోజు షిఫ్టు దిగి ఇంటికొచ్చి చూస్తే, "ఈసారి లాభాల్లో ఎంత శాతం వాటా అడుగుదాం?" అని మా నాయకుడు పెట్టిన మెసేజ్ కింద నా పేరుతో జవాబు ఉంది: "ఎక్స్ ఈక్వల్ టు 51 సార్." దాని కింద నాయకుడు: "అన్నా, 51 అంటే కంపెనీలో రాష్ట్ర సర్కారు వాటా. అది మనకియ్యరే!"

నైట్ షిఫ్టు వారం కథ వేరు. పొద్దున బాయెక్కి, స్నానం చేసి, ఇంత తిని పడుకుంటే పదింటికి నాకు అర్ధరాత్రి. అదే గదిలో, నా తలకు మూరెడు దూరంలో బీజగణితం. ఒకనాడు పిల్ల మైకు ఆపడం మరిచింది. లెక్కల సారు చెప్పడం ఆపి అడిగాడట, "క్లాసులో ఎస్‌డీఎల్ నడుపుతున్నది ఎవరు?" అని. ఎస్‌డీఎల్ అంటే బాయిలో బొగ్గు ఎత్తే యంత్రం. దాని మోత ఒకసారి విన్నవాడు మరిచిపోడు. ఆ సారు కూడా బాయి కార్మికుడి కొడుకే. "మా బాపు సార్, నైట్ షిఫ్టు" అంది పిల్ల. "అయితే మైకు నువ్వే ఆపుకో బిడ్డా, ఆయనను లేపకు" అన్నాడట. ఆ నెల ఫీజు మాత్రం గొణగకుండా కట్టాను.

రామగుండం ఎన్టీపీసీది అప్పటికే 2,600 మెగావాట్ల కేంద్రం. దాని నీడన బతికే మాకు క్లాసుకు సిగ్నల్ కావాలంటే మాత్రం నీళ్ల ట్యాంకు పక్కన ఒంటికాలి మీద నిలబడాల్సి వచ్చేది.

బాయి దిగేముందు మస్టర్, అంటే హాజరు, పడుతుంది, ల్యాంపు తీసుకుంటాం. షిఫ్టు అయ్యాక ల్యాంపు వాపస్ రాకపోతే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. వెంటనే వెతకడానికి దిగుతారు. పిల్ల క్లాసులో చూస్తే నలభై నల్ల గళ్లు, గడికో పేరు. పేరు పిలిస్తే "ప్రెజెంట్ సార్", అంతే, మళ్లీ చీకటి. వాళ్లలో ఒకణ్ని ఓ పొద్దున మా సందులోనే చూశాను. సైకిలు మీద పాలప్యాకెట్లు, చొక్కా జేబులో ఫోను, ఫోనులో సారు గొంతు. "క్లాసులోనే ఉన్న కాకా, ఇంటున్న" అన్నాడు. వాళ్ల నాన్న కాంట్రాక్టు పని ఆగిపోయి అప్పటికి నాలుగు నెలలు. మస్టర్ పడింది కనుక, వాణ్ని వెతకడానికి ఎవరూ దిగలేదు.

మధ్యలో ఫిబ్రవరిలో తెరిచి, మార్చిలో మూసి, చివరికి 2021 సెప్టెంబర్ 1న బడులు గట్టిగా తెరిచారు. ఆ పిలగాడూ వచ్చాడట, అదే సైకిలు మీద. మా అవ్వ మాత్రం టీవీ బడి మానలేదు. ఏడో తరగతికి వచ్చింది.