ఖజానాకి చేతుల వణుకు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఊపు ఇచ్చింది సర్కారు వారి అక్షరాస్యత ఉద్యమమే. చదువు ఇంత పనిచేస్తుందని సర్కారు ఊహించలేదు పాపం!

ఆ ఊపుతోనే 1995లో రాష్ట్రమంతా సంపూర్ణ మద్యనిషేధం. తాగేవాళ్లు ఎలాగోలా తట్టుకున్నారు. చేతులు వణికింది ఖజానాకి. 1997కల్లా మళ్లీ గ్లాసు పట్టింది.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో మరో ఒట్టు: దశలవారీ నిషేధం. తొలి దశలో సర్కారే స్వయంగా కొట్టు తెరిచి సీసాలమ్మింది. ధర పెంచితే తాగడం మానేస్తారట. జనం మానలేదు గానీ ప్రభుత్వం మారింది.

2024లో కొట్లు మళ్లీ ప్రైవేటువాళ్లకే వెళ్లాయి. చవక రకం క్వార్టరు 99 రూపాయలకే దొరకసాగింది.

వందలో మిగిలిన రూపాయిని ఇల్లాలు పొదుపు సంఘంలో కట్టుకోవచ్చు.